బాస్ చేపల వేట: రాడ్ నుంచి పడవ దాకా, నీటి మీద జాగ్రత్తలతో సహా

బాస్ వేట కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది డబ్బు ఖర్చుపెట్టే వరస ఒకేలా ఉంటుంది. ముందు రాడ్లు, తర్వాత పెట్టెల నిండా ఎరలు, ఆ తర్వాత పడవ, అన్నీ కొన్నాక ఏమైనా మిగిలితే చవకలో ఒక లైఫ్ జాకెట్. ఈ వరసను మార్చి జాకెట్‌ను ముందుకు తెస్తే ఖర్చు తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. పడే చేపలు మాత్రం తగ్గవు. కింద చెప్పినవన్నీ ఆ మార్చిన వరసలోనే ఉన్నాయి.

ముందు చేప సంగతి. బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. ఎక్కువమంది వెంటపడేది లార్జ్‌మౌత్ బాస్ కోసం. నీళ్లు కాస్త చల్లగా, అడుగు రాళ్లతో ఉన్నచోట స్మాల్‌మౌత్ దొరుకుతుంది. నోరు మూసి ఉన్నప్పుడు పై దవడ కంటిని దాటి వెనక్కి పోతే అది లార్జ్‌మౌత్. ఇది దూరం దాకా తరిమి పట్టే రకం కాదు, కాచుకుని మీదపడే రకం. నాచు అంచున, మునిగిన చెట్ల మొద్దుల పక్కన, రేవు చెక్కల కింద నీడలో కదలకుండా నిలబడి ఉంటుంది. అందుకే ఈ వేటలో రెండు పనులు ముఖ్యం: ఎరను అనుకున్న చోట జానెడు తేడాతో వేయగలగడం, పడ్డ చేపను నాచులోకి దూరనివ్వకుండా లాగగలగడం. సరంజామా ఎంపిక మొత్తం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఎంత పెద్ద చేప కోసం సిద్ధపడాలి? 1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టిన లార్జ్‌మౌత్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికన్నా ఔన్సు లోపు ఎక్కువ తూగింది. పాత రికార్డును దాటాలంటే కనీసం 2 ఔన్సుల తేడా ఉండాలన్న నియమం ఉండడంతో ఇద్దరికీ సమాన స్థానం ఇచ్చారు. మామూలు రోజున మనకు పడేవి ఒకటి నుంచి మూడు పౌండ్లవి. రికార్డు చేపను మనసులో పెట్టుకుని మోకు లాంటి లైన్ (గాలం దారం) కొనాల్సిన పని లేదు.

1. లైసెన్స్, ఆ చెరువు నిబంధనలు

అమెరికాలో చేపల వేట లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది. పక్క రాష్ట్రంలో అది సాధారణంగా చెల్లదు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో కొనేటప్పుడే మీరు వెళ్లబోయే రిజర్వాయర్ పేరు వెతికి చూడండి. కొన్నిచోట్ల ఫలానా పొడవుకు తక్కువ ఉన్న చేపను ఉంచుకోకూడదు. కొన్నిచోట్ల మధ్య సైజు చేపల్నే వదిలేయాలి. కొన్ని చెరువుల్లో పెట్రోల్ మోటారు వాడకూడదు, కరెంటు మోటారు మాత్రమే నడపాలి. పడవ నడపడానికి భద్రతా కోర్సు సర్టిఫికెట్ అడిగే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. చట్టం అడగకపోయినా ఆ కోర్సు చేయండి. ఒక్కరోజు పని.

2. లైఫ్ జాకెట్, మొట్టమొదటి కొనుగోలు

2023లో అమెరికాలో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారని కోస్ట్ గార్డ్ లెక్క. మరణకారణం తెలిసిన వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మునిగి చనిపోయారు. అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. "నాకు ఈత వచ్చు" అనేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. తలకు దెబ్బ తగిలి పడినవాడికి, చన్నీళ్లలో ఊపిరి బిగుసుకున్నవాడికి వచ్చిన ఈత ఉపయోగపడదు.

ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నియమం ప్రకారం పడవలో ఉన్న ప్రతి మనిషికీ సరిపడే లైఫ్ జాకెట్ ఒకటి ఉండాలి. పడవ పొడవు 16 అడుగులు లేక అంతకన్నా ఎక్కువైతే (కెనూ, కయాక్‌లకు మినహాయింపు) విసరడానికి వీలైన తేలే దిండో రింగో అదనంగా ఉండాలి. రాష్ట్రం వేరే వయసు పెట్టకపోతే, కదిలే పడవలో 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. ఇది చట్టం అడిగే కనీసం మాత్రమే. సీటు కింద అరలో దాచిన జాకెట్ పడవ తిరగబడిన క్షణంలో చేతికి అందదు.

రెండు రకాలున్నాయి. ఫోమ్ జాకెట్ వేసుకుంటే చాలు, మరే పనీ చేయక్కర్లేదు. చలికాలంలో వెచ్చగా కూడా ఉంటుంది. ఈత రానివాళ్లకు, పిల్లలకు ఇదే సరైనది. గాలి నిండే రకం మెడచుట్టూ సన్నని పట్టీలా ఉంటుంది. నీళ్లలో పడగానే లోపలున్న కార్బన్ డయాక్సైడ్ సీసాకు కన్నం పడి, ఆ వాయువు జాకెట్‌ను నింపుతుంది. ఎండాకాలంలో రోజంతా ఎర విసిరేవాళ్లకు హాయి, కానీ దీనికి సంరక్షణ కావాలి. వెళ్లే ప్రతిసారీ సూచిక పచ్చగా ఉందా, సీసా మర గట్టిగా బిగిసి ఉందా చూడాలి. దీన్ని ఎప్పుడూ రెయిన్‌కోటు పైనే వేసుకోండి. లోపల వేసుకుంటే ఉబ్బినప్పుడు ఛాతీని నొక్కేస్తుంది. ఏ రకమైనా సరే, కొనేటప్పుడు బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ సైజు కాదు. జాకెట్‌కు ఒక విజిల్ కట్టండి.

3. రాడ్, రీల్

మొదటి ఏడాదికి ఒకే ఒక స్పిన్నింగ్ సెట్ (రీల్ రాడ్ కింద వేలాడే రకం) చాలు. ఏడడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ రాడ్, దానికి 2500 లేదా 3000 సైజు రీల్. పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ యాక్షన్ కొసన మాత్రమే వంగుతుంది కాబట్టి చేప ముట్టిన సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది, కొక్కెం గట్టిగా దిగుతుంది. క్రాంక్‌బెయిట్ (చిన్న చేప ఆకారపు గట్టి ఎర) లాంటి మూడు కొక్కేల ఎరలకు మాత్రం కాస్త కిందనుంచి వంగే మోడరేట్ యాక్షన్ మంచిది, లేకపోతే చిన్న కొక్కేలు నోరు చీల్చుకుని ఊడొస్తాయి.

రెండో సెట్ బెయిట్‌కాస్టర్, అంటే రీల్ రాడ్ పైన కూర్చునే రకం. ఏడడుగుల మీడియం హెవీ ఫాస్ట్ రాడ్, 7:1 దగ్గర గేర్ నిష్పత్తి ఉన్న రీల్. అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) ఏడు చుట్లు తిరుగుతుంది. దీనితో బరువైన ఎరలు, లావు లైన్ వాడొచ్చు, గురి కూడా బాగా కుదురుతుంది. అయితే విసిరినప్పుడు ఎర వేగం తగ్గినా స్పూల్ అదే వేగంతో తిరుగుతుంటే లైన్ కాకిగూడులా చిక్కుపడుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. దాన్ని అదుపు చేయడానికి ఇలా సర్దండి:

ఎర కట్టి రాడ్‌ను ఎదురుగా ఏటవాలుగా పట్టుకోండి. బటన్ నొక్కి ఎరను వదలండి. హ్యాండిల్ పక్కనున్న టెన్షన్ నాబ్‌ను తిప్పుతూ, ఎర మెల్లగా దిగి నేలను తాకగానే స్పూల్ ఆగేలా చూడండి. బ్రేకును మూడొంతుల వరకు పెంచండి. విసిరినంతసేపూ బొటనవేలు స్పూల్‌ను తాకీ తాకనట్టు ఉంచండి. ఎర నీటిని ముట్టబోయే ముందు వేలితో నొక్కి ఆపండి. చేయి అలవాటైన కొద్దీ బ్రేకు తగ్గించుకోవచ్చు. ఇదంతా నీటి దగ్గర కాకుండా ఖాళీ మైదానంలో, కొక్కెం లేని బరువుతో నేర్చుకోవడం మేలు. ఎర బరువు మారిన ప్రతిసారీ టెన్షన్ మళ్లీ సర్దుకోవాలి.

4. లైన్, ముడి

రాడ్‌కు ఎంత పెట్టినా చేపకూ మీకూ మధ్య ఉండేది లైనే. మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) చవక, మెత్తన, సాగుతుంది, నేర్చుకునే రోజుల్లో చిక్కుపడితే కోసి పారేసినా బాధ ఉండదు. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, రాళ్ల ఒరిపిడికి తట్టుకుంటుంది. నైలాన్‌తో పోలిస్తే దాని వక్రీభవన గుణకం నీటికి దగ్గర కాబట్టి తక్కువగా కనిపిస్తుంది. బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) సన్నగా ఉన్నా బలం ఎక్కువ, తేలుతుంది, దాదాపు సాగదు. స్పిన్నింగ్ రీల్‌కు 10 నుంచి 15 పౌండ్ల బ్రెయిడ్ చుట్టి, చివర ఎనిమిది పది పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్‌ను (ఎర వైపు కట్టే లైన్ ముక్కను) డబుల్ యూని ముడితో కలపండి. బెయిట్‌కాస్టర్‌కు 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్. దట్టమైన నాచులో కప్ప ఆకారపు ఎర వేస్తే మాత్రం 50 పౌండ్ల బ్రెయిడ్‌కు తక్కువ వద్దు.

ముడుల్లో పాలోమార్ ఒక్కటి వచ్చినా ఏడాది గడిచిపోతుంది. లైన్‌ను మడిచి జంటగా కొక్కెం కన్నులోంచి దూర్చండి. ఆ జంటతో వదులుగా ఒక మామూలు ముడి వేయండి. మిగిలిన మడతలోంచి కొక్కేన్నంతా దాటించండి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి లైన్ బలహీనపడుతుంది. తెగిపోయిన చేపల్లో చాలావాటికి కారణం లైన్ కాదు, పొడిగా బిగించిన ముడి.

డ్రాగ్‌ను (చేప గట్టిగా లాగితే లైన్‌ను జారనిచ్చే రీల్ బ్రేకును) లైన్ బలంలో పావు వంతు నుంచి ముప్పై శాతం మధ్య పెట్టండి. 12 పౌండ్ల లైన్ అయితే త్రాసు కట్టి లాగినప్పుడు మూడు నాలుగు పౌండ్ల దగ్గర జారడం మొదలవ్వాలి.

ఎర ఎక్కడైనా చిక్కుకుంటే బ్రెయిడ్‌ను చేతికి చుట్టి లాగొద్దు, వేలిని ఎముక దాకా కోస్తుంది. కర్రముక్కకు చుట్టి లాగండి. ముఖం పక్కకు తిప్పుకోండి. ఊడిన ఎర తిన్నగా మీ వైపే ఎగిరొస్తుంది. పోలరైజ్డ్ కళ్లజోడు నీటి లోపలి మొద్దుల్ని చూపించడానికే కాదు, ఇందుకు కూడా.

5. ఎరలు: ఐదు చాలు

దుకాణంలో గోడల నిండా వేలాడే ఎరల్లో సగం మనిషిని పట్టడానికి చేసినవి. మొదట ఇవి కొనండి: అయిదంగుళాల మెత్తని ప్లాస్టిక్ పురుగులు, ఒక స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకులున్న ఎర), ఒక క్రాంక్‌బెయిట్, ఒక జిగ్ (తల దగ్గర బరువు పోసిన కొక్కెం), ఒక కప్ప బొమ్మ.

పురుగును టెక్సస్ రిగ్‌లో కట్టడం ముందు నేర్చుకోండి. తుపాకీ గుండు ఆకారంలో ఉండే మూడు పదహారో వంతు ఔన్సు బరువును లైన్‌లోకి ఎక్కించి, 3/0 ఆఫ్‌సెట్ కొక్కెం కట్టండి. కొక్కెం మొనను పురుగు తలలో పావు అంగుళం గుచ్చి పక్కకు తీయండి. తలను కొక్కెం కన్ను దగ్గరి వంపు దాకా జరిపి, కొక్కేన్ని తిప్పి, మొనను పురుగు ఒంట్లోకి దాచండి. పురుగు నిటారుగా వేలాడాలి. వంకరగా ఉంటే తిరిగి తిరిగి లైన్ మెలిపడుతుంది. మొన దాగి ఉంటుంది కాబట్టి కొమ్మల మధ్య వేసినా పట్టుకోదు. మొద్దు పక్కన వేసి, అడుగుకు దిగేదాకా ఆగి, రాడ్ కొసతో కొద్దిగా లేపి మళ్లీ దింపండి. చాలాసార్లు చేప అందుకునేది పురుగు దిగుతున్నప్పుడే. లైన్ పక్కకు కదిలితే మీకు తెలియకుండానే చేప నోట్లో పెట్టుకుందని అర్థం.

కలక నీళ్లలో, గాలి ఉన్న రోజు స్పిన్నర్‌బెయిట్. రాళ్లను తాకుతూ వెళ్లాలంటే క్రాంక్‌బెయిట్. నాచు పరచుకున్న చోట కప్ప. కప్ప మీద నీళ్లు ఎగసిపడగానే లాగేయాలనిపిస్తుంది. ఆగండి, బరువు చేతికి తెలిశాక లాగండి.

కాలాన్ని నీటి వేడి చెబుతుంది. వసంతంలో నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేవేళకు లార్జ్‌మౌత్‌లు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటుకు వస్తాయి. నడివేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం ఒడ్డు దగ్గర, మధ్యాహ్నం లోతులో. శీతాకాలం ముందు చిన్న చేపల గుంపుల వెంట వాగు పాయల్లోకి పోతాయి.

6. పడవ ఎప్పుడు, ఏది

నా అభిప్రాయంలో మొదటి సీజన్ ఒడ్డునే గడవాలి. లార్జ్‌మౌత్ ఉండేది ఎక్కువగా ఒడ్డుకు దగ్గరే. పడవలో ఉన్నవాళ్లు ఒడ్డువైపు విసురుతుంటారు, ఒడ్డునున్నవాళ్లు నీటి మధ్యకు విసురుతుంటారు. ఒడ్డుకు సమాంతరంగా విసరండి.

తర్వాతి మెట్టు కయాక్. పైన కూర్చునే రకం, వెడల్పు ఎక్కువున్నది తీసుకోండి. లోపలికి వచ్చిన నీళ్లు దాని కన్నాల్లోంచి వాటంతటవే పోతాయి. మొదటిసారి వేటకు తీసుకెళ్లే ముందు, వెచ్చని రోజున, లోతు తక్కువ చోట కావాలని తిరగేసి మళ్లీ ఎక్కడం సాధన చేయండి. ఎక్కలేకపోతే ఆ కయాక్ మీకు తగినది కాదు. ఎత్తుగా రంగు జెండా పెట్టండి, మోటారు పడవలవాళ్లకు కయాక్ కనిపించదు. దానికి చిన్న కరెంటు మోటారు బిగించినా చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది.

జాన్ బోట్ అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ. చిన్న చెరువులకు ఇంతకన్నా ఉపయోగమైనది లేదు. అయితే పెద్ద రిజర్వాయర్‌లో గాలి లేస్తే దాని చదును అడుగు అలల మీద దబదబా కొట్టుకుంటుంది, ముందు అంచు మీంచి నీళ్లు వస్తాయి. పెద్ద నీళ్లకు వి ఆకారపు అడుగున్న పడవ కావాలి. 18 నుంచి 21 అడుగుల ఫైబర్‌గ్లాస్ బాస్ బోట్లు, 250 హార్స్‌పవర్ మోటార్లు పోటీలవాళ్ల కోసం. ఆ వేగంలో పడవ నడపడం వేరే విద్య.

పాత పడవ కొంటే ముందుగా మోటారు బిగించిన వెనక పలకను చూడండి. మోటారును ఎత్తి, కొసన పట్టుకుని ఊపండి. పలక కదిలినా, పగుళ్లు కనిపించినా లోపల చెక్క కుళ్లిందని అనుమానించండి. పెయింటు ఎంత మెరిసినా వదిలేసి రండి.

ఎంతమంది ఎక్కొచ్చో పడవ లోపలి పలక మీద రాసి ఉంటుంది. పలక లేని 20 అడుగులలోపు పడవకు పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించే లెక్క ఉంది. 15 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అయితే ఐదుగురు. అది ప్రశాంతమైన నీళ్లలో లెక్క. బ్యాటరీలు, ఐస్ పెట్టె, నిలబడి విసిరే మనుషులు ఉంటే ముగ్గురికే ఆపేయడం మేలు.

ముందువైపు బిగించే ట్రోలింగ్ మోటారుకు (పడవను మెల్లగా జరిపే కరెంటు మోటారుకు) సామానుతో సహా ప్రతి వంద పౌండ్ల బరువుకు రెండు పౌండ్ల తోపు కనీసం ఉండాలి. గాలి ఉన్న చెరువైతే అంతకన్నా ఎక్కువ. సుమారు 55 పౌండ్ల దాకా 12 వోల్టులు, 80కి 24, 112కి 36 వోల్టులు అవసరమవుతాయి.

7. ర్యాంప్ దగ్గర

పడవను నీళ్లలోకి దించే ముందు చేయాల్సిన పనులన్నీ ర్యాంప్‌కు (పడవ దించే వాలు దారికి) దూరంగా, పార్కింగ్‌లోనే ముగించాలి. డ్రెయిన్ ప్లగ్ (పడవలోని నీళ్లు వదిలే కన్నానికి బిరడా) బిగించారా, వెనక పట్టీలు విప్పారా, సామాను పడవలోకి ఎక్కించారా, ముందు తాడు కట్టారా, బ్యాటరీ పనిచేస్తోందా, అన్నీ అక్కడే చూసుకోండి. పడవను ట్రైలర్‌కు లాగి పట్టి ఉంచే ముందున్న వించ్ పట్టీని మాత్రం నీటి అంచుకు వెళ్లేదాకా విప్పొద్దు. పడవ కాంక్రీటు మీదకు జారిపోతుంది. ట్రైలర్ వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ కింది భాగంలో చేయి పెట్టండి. చేయి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది.

వెళ్లే ముందు ఏ రేవులో దిగుతున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో ఒకరికి రాసి పంపండి.

8. నీటి మీద

కిల్ స్విచ్ తాడు మీ ఒంటికి తగిలించుకున్నాకే మోటారు స్టార్ట్ చేయండి. నడిపేవాడు విసురుకు కింద పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. ఆగకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరుగుతూ మళ్లీ పడినవాడి మీదికే వస్తుంది, ప్రొపెల్లర్‌తో సహా. 26 అడుగులలోపు, 3 హార్స్‌పవర్ లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, ఈ స్విచ్ అమర్చిన పడవల్లో వేగంగా వెళ్లేటప్పుడు దీన్ని వాడి తీరాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నియమం ఉంది.

పరిగెత్తే పడవలో ముందువైపు ఎత్తు సీటు మీద ఎవరూ కూర్చోకూడదు. అడవుల్ని ముంచి కట్టిన రిజర్వాయర్లు చాలా ఉన్నాయి. నీటిమట్టం తగ్గిన నెలలో నిరుడు సాఫీగా వెళ్లిన దారిలోనే మొద్దు తగలొచ్చు. లంగరు ఎప్పుడూ ముందు కొస నుంచే వేయండి. వెనక కట్టి వేస్తే ఒక్క పెద్ద అల చాలు, మోటారు బరువుకు తోడై పడవ వెనకనుంచి నిండిపోతుంది.

ఉరుము వినబడిందంటే పిడుగు మీకు తగిలేంత దూరంలోనే ఉన్నట్టు. చేతిలో ఉన్నది కార్బన్ రాడ్, అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. రాడ్లు కింద పెట్టి ఒడ్డుకు బయల్దేరండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్లీ దిగొద్దు. చేపలు పడుతున్నాయని ఇంకో పది నిమిషాలు ఆగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో పోటీ వద్దు. మద్యం సంగతి కూడా ఇంతే. పడవ నడిపేవాడికి చాలా రాష్ట్రాల్లో పరిమితి కారు నడిపేవాడికి ఉన్న 0.08 శాతమే. ఎండ, గాలి, ఊగిసలాట కలిస్తే అంతకన్నా ముందే మత్తు తలకెక్కుతుంది.

9. నీళ్లలో పడితే

గాలి వెచ్చగా ఉన్న మార్చి నెల రోజున నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉండొచ్చు. బట్టలు గాలిని బట్టి కాదు, నీటిని బట్టి వేసుకోవాలి. చన్నీటి ప్రమాదాలకు 1-10-1 అని ఒక లెక్క ఉంది. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగపోస్తుంది. ఆ నిమిషంలో ఈదడానికి ప్రయత్నించకుండా తేలుతూ ఊపిరి సర్దుకోవాలి. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి. పడవ ఎక్కడం, తాడు పట్టుకోవడం, విజిల్ ఊదడం ఆ పది నిమిషాల్లోనే జరగాలి. ఆ తర్వాత స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. జాకెట్ లేనివాడికి ఆ గంట దక్కదు, చేతులు ఆడటం మానేయగానే మునుగుతాడు.

పడవ తిరగబడినా దాన్ని వదలొద్దు. 20 అడుగులలోపు ఔట్‌బోర్డ్ పడవలు నీళ్లు నిండినా తేలేలా తయారుచేయాలన్నది అమెరికా నియమం. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది, కానీ ఈదే దూరం కంటికి తెలియదు. పడవ వెనక చిన్న నిచ్చెన లేకపోతే బిగించుకోండి. తడిసిన బట్టలతో పక్క అంచు పట్టుకుని పైకి లేవడం బలమైనవాళ్ల వల్ల కూడా కాదు.

వేరేవాళ్లు పడితే వెంట దూకొద్దు. రాడ్ గాని తెడ్డు గాని అందించండి, అందకపోతే తేలే దిండు విసరండి, అదీ కాకపోతే మోటారు ఆపి పడవ దగ్గరకు జరపండి. నదుల్లో నీళ్లు అంచు మీంచి సమంగా జారే పొట్టి ఆనకట్టలకు దూరంగా ఉండండి. వాటి కింద సుడి మనిషిని మళ్లీ మళ్లీ లోపలికి లాగుతుంది. కరెంటు లైన్లున్న రేవుల దగ్గర సరదాకి కూడా ఈదొద్దు. వైరింగ్ లోపం నుంచి నీళ్లలోకి పాకిన విద్యుత్తు కంటికి కనిపించదు.

10. కొక్కెం, చేప, ఇంటిదారి

కొక్కేలకు ముళ్లను ప్లయర్‌తో నొక్కి వేస్తే చేపకూ, మీ వేలికీ మంచిది. ముల్లు దాకా చర్మంలో దిగితే, వేళ్లూ చేతుల మీదైతే ఇలా తీయొచ్చు: కొక్కెం వంపుకు గట్టి లైన్ ఉచ్చు తగిలించి, కొక్కెం కన్ను వైపును చర్మానికి ఆనించి నొక్కి పట్టుకుని, ఉచ్చును చర్మానికి సమాంతరంగా ఒక్కసారి గట్టిగా లాగాలి. కంటి దగ్గర, ముఖం మీద, మెడ మీద అయితే ముట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి.

వదలదల్చుకున్న చేపను తడిచేత్తో పట్టుకోండి. పొడి చెయ్యి దాని జిగురు పొరను తీసేస్తుంది. దవడ పట్టుకుంటే నిలువుగా వేలాడనివ్వండి. అడ్డంగా పట్టుకోవాలంటే రెండో చెయ్యి పొట్ట కిందకు రావాలి. దవడ ఒక్కదాన్నే పట్టుకుని అడ్డంగా తిప్పితే, పెద్ద చేపకు దవడ కీలు దెబ్బతింటుంది.

ఆ నీటినుంచి బయటకు వచ్చాక పడవకు, ట్రైలర్‌కు అంటిన నాచు తీసేసి, నీళ్లన్నీ వదిలి, ఆరబెట్టండి. 1988లో గ్రేట్ లేక్స్‌లో బయటపడిన జీబ్రా మసెల్ గవ్వలు అక్కడినుంచి ఎన్నో సరస్సులకు పాకడానికి ఇలాంటి పడవలూ ఒక కారణం. డ్రెయిన్ ప్లగ్ తీసేసి ప్రయాణించాలని కొన్ని రాష్ట్రాల్లో చట్టమే ఉంది. తీసిన ప్లగ్‌ను పడవ తాళాల గుత్తికే తగిలించండి. మోటారు తాళం పెట్టే చెయ్యి మళ్లీసారి దాన్ని మరిచిపోదు.